యాస స్టేజీ మీద ముద్దు, బల్లె వద్దు

మా మేనల్లుడు అయిదో తరగతి. మండల కేంద్రంల ఒక ప్రైవేటు ఇంగ్లిషు మీడియం బడికి పోతడు. మొన్న వాళ్ల బల్లె యానివల్ డే అయితే "మామా, నువ్వు రావాలె" అన్నడు. పోయిన. పిల్లలు ఎప్పటి లెక్కనే సినిమా పాటలకు డాన్సులు చేసిండ్రు. నడుమల మావోని వంతు వచ్చింది. మా అమ్మ పాత చీర చుట్టుకొని, నెత్తికి తెల్ల పౌడర్ పూసుకొని, చేతిల కట్టె పట్టుకొని వచ్చిండు. యూట్యూబ్ల గంగవ్వ మాట్లాడినట్టు మాట్లాడుడు షురూ చేసిండు. "ఏంరా, గట్ల గుడ్లు మిటకరించి సూస్తున్నరు, ఎన్నడు ముసలిదాన్ని సూడలేదా" అనంగనే హాలంత ఒక్కటే నవ్వుడు. ముందటి వరుసల కూసున్న ప్రిన్సిపల్ సార్ కండ్లు తుడుసుకునే దాక నవ్విండు. ప్రైజు సుత ఇచ్చిండ్రు. ఒక స్టీలు డబ్బ.

దానికి నెల రోజుల ముందటి ముచ్చట ఇంకోటి ఉన్నది. సైన్సు క్లాసుల మేడమ్ "వర్షం ఎట్లా వస్తుంది" అని అడిగిందట. వీడు చెయ్యి లేపి "మొగులైతది మేడమ్, గాలి సల్లవడ్తది, ఇగ వాన దంచికొడ్తది" అన్నడట. పిల్లలు నవ్విండ్రు. మేడమ్ "మొగులేంటి, మేఘాలు అనాలి. ఇంట్లో మాట్లాడినట్టు ఇక్కడ మాట్లాడొద్దు" అన్నదట. మా అక్కను బడికి పిలిపించి "మీ అబ్బాయి భాష కొంచెం మార్చండి" అని సుత చెప్పిండ్రు. గప్పటి సంది వాడు క్లాసుల చెయ్యి లేపుత లేడు. అడిగితే "నాకు తెల్వదు" అంటడు. ఆ తెల్వదు అనేది సుత మెల్లగ అంటడు, ఎవలన్న నవ్వుతరేమోనని.

వాడు స్టేజీ మీద మాట్లాడింది, క్లాసుల మాట్లాడింది ఒక్కటే భాష. ఒకకాడ స్టీలు డబ్బ వచ్చింది, ఇంకోకాడ వాళ్లమ్మకు పిలుపు వచ్చింది. ఆ ప్రిన్సిపల్ సార్‌ను తిట్టాలని ఇది రాస్తలేను. ఆయనది మా పక్క మండలమే. ఇంటికి పోతే ఆయన సుత మొగులైందనే అంటడు. ఆయనకు యాస అంటే కోపం లేదు. యాస నవ్వుకునేటందుకు, భాష చదువుకునేటందుకు అని ఆయన మనసుల గట్టిగ కూసున్నది. ఇది ఆయనకు ఎవలు నేర్పిండ్రు? నా అంచనా ఏందంటే, సగం బడి నేర్పింది, సగం టీవీ నేర్పింది.

మా దిక్కు టీవీకి, బడికి పాత సుట్టరికం ఉన్నది. చానమందికి తెల్వదు గని, మన ఊర్లకు టీవీ ఇండ్లల్లకు రాకముందే బల్లెకు వచ్చింది. 1975 ఆగస్టు 1 నాడు మన దేశంల 'సైట్' అని ఒక ప్రయోగం మొదలైంది. అమెరికా నాసా దగ్గర ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఏడాదికి తీసుకొని, ఇస్రో, ఆకాశవాణి కలిసి 6 రాష్ట్రాలల్ల దగ్గర దగ్గర 2,400 ఊర్లకు టీవీ చూపెట్టిండ్రు. అండ్ల మన పాలమూరు, మెదక్, హైదరాబాద్, కర్నూలు జిల్లాల ఊర్లు ఉన్నయి. పొద్దుగాల బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దోళ్లకు ఎవుసం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ ముచ్చట్లు. ఏడాది కాంగనే, 1976 జులై 31కి అది బందైంది. ఉపగ్రహాన్ని అమెరికోళ్లు వాళ్లది వాళ్లు తీసుకున్నరు. హైదరాబాద్ల దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977ల. అంటే పట్నపోళ్లు ఇంట్ల టీవీ చూసుడుకంటే ముందుగాల్నే మా పాలమూరు పల్లెల పిల్లలు బల్లె కూసొని టీవీ చూసిండ్రు. నేను ఈ ముచ్చట చెప్తే హైదరాబాద్ దోస్తులు నమ్మరు.

మా నాయిన అప్పుడు తొమ్మిదేండ్ల పిల్లగాడు. వాళ్ల అమ్మమ్మోళ్ల ఊర్ల బడి ముందట కోళ్లగూటికి కొట్టే జాలి లెక్క ఉండే పెద్ద గొడుగు పెట్టిండ్రట. సాయంత్రమైతే ఊరంత సాపలు, గొంగళ్లు పట్టుకొని వచ్చేటోళ్లట. ఏం చూపెట్టిండ్రు నాయినా అంటే ఆయనకు ఎక్కువ యాదికి లేదు. ఒక్క మాట మాత్రం చెప్తడు. "తెలుగే మాట్లాడేటోళ్లు బిడ్డా. అర్థం సుత అయ్యేటిది. గని మనతోని మాట్లాడినట్టు ఉండకపోయేది. తాసీల్దారు మాట్లాడినట్టు ఉండేది." యాభై ఏండ్ల కింద తొమ్మిదేండ్ల పిల్లగానికి సమజైన సంగతి ఇది. డబ్బల నుంచి వచ్చే తెలుగు, ఇంట్ల తెలుగు వేరే వేరే అని.

తర్వాత మా నాయిన ఈడోళ్లు సినిమాలు చూసిండ్రు. అండ్ల మన మాట ఇనవడ్డది, లేదని కాదు. ఎవల నోట ఇనవడ్డది అనేదే ముచ్చట. 1985ల 'ప్రతిఘటన' వచ్చింది. అండ్ల కోట శ్రీనివాసరావు చెడ్డ రాజకీయ నాయకుని వేషం వేసి మన యాసల మాట్లాడిండు. గొప్పగ చేసిండు, మా ఊరోళ్లు సుత చప్పట్లు కొట్టిండ్రు. గని హీరోయిన్ ఆ యాసల మాట్లాడదు, పాఠం చెప్పే లెక్చరర్ మాట్లాడదు. రౌడీ, పనోడు, ఆటోడ్రైవర్, హీరో పక్కన ఉండే తాగుబోతు దోస్తు మాట్లాడుతరు. ఏండ్లకేండ్లు గిదే చూసినోనికి ఏం అనిపిస్తది? నా మాట దొంగకు, జోకర్‌కు పనికొస్తది, మంచోనికి పనికిరాదు అనే అనిపిస్తది. సీరియళ్ల గురించి చెప్పుడు దండుగ. మా అమ్మ ఇరవై ఏండ్ల సంది సీరియళ్లు చూస్తున్నది. ఇంట్ల ఒక్కనాడు "అత్తయ్యగారూ" అన్నది లేదు, అనిపించుకున్నది లేదు.

ఇగ ఉద్యమం నడిచిన కాలంల గాలి మర్రింది. వి6 ఛానల్ల 'తీన్మార్ వార్తలు' వచ్చినయి. బిత్తిరి సత్తి, సావిత్రి మాట్లాడంగ మా ఊర్ల చాయ్ హోటల్ల జనం నిలవడి చూసిండ్రు. అది చిన్న పని కాదు. పేపర్ చదవని ముసలోళ్లు సుత ఏ మంత్రి ఏమన్నడో, ఏ స్కీము ఎక్కడ ఆగిందో ఆ వార్తలల్ల ఇన్నరు. యూట్యూబ్ల 'మై విలేజ్ షో' వచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిల కూలి చేసుకునే గంగవ్వ 2020ల బిగ్ బాస్ దాక పోయింది. మనసొంటి ఊరి పోరగాండ్లు చేతిల ఫోన్ తోని ఒక ముసలవ్వను రెండు రాష్ట్రాలకు చూపెట్టిండ్రు. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే.

గని గదే సమయంల ఇంకో సంగతి గమనించుండ్రి. చానా ఛానళ్లల్ల ఇప్పటికి సుత నవ్వించే వార్తలు యాసల వస్తయి, "అసలు" వార్తలు వేరే తెలుగుల వస్తయి. బడ్జెట్ చెప్పాలంటే కోటు, టై, "ద్రవ్యలోటు". కోర్టు తీర్పు అయితే "ధర్మాసనం అభిప్రాయపడింది". డాక్టర్ షుగర్ గురించి చెప్పాలంటే "మధుమేహ వ్యాధిగ్రస్తులు". మా నాయినకు ఎనిమిదేండ్ల సంది షుగర్ ఉన్నది. తను మధుమేహ వ్యాధిగ్రస్తుడని ఆయనకు తెల్వదు. నవ్వు మన భాషల వస్తది, అక్కరకొచ్చే ముచ్చట మనది కాని భాషల వస్తది. ఇది తారుమారు గాదా? నవ్వు ఏ భాషల వచ్చినా నవ్వుతం. గోలీలు ఎప్పుడు ఏసుకోవాలె, పంట బీమా ఎట్ల కట్టాలె, ఆ ముచ్చట్లు గద సమజ్ గావాల్సింది.

యాసల గంభీరమైన మాట కుదరదు అనేటోళ్లకు జవాబు సినిమానే ఇచ్చింది. 2016ల 'పెళ్ళిచూపులు'ల ప్రియదర్శి హీరో దోస్తు, నవ్విచ్చే వేషం. 2019ల అదే ప్రియదర్శి 'మల్లేశం' అయిండు. చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే బడి మానేసిన చేనేత పిల్లగాడు. ఆసు పోసీ పోసీ తల్లి భుజాలు గుంజుతుంటే చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆ సినిమాల మోటరు గురించి, దారం గురించి, అప్పు గురించి, తల్లి నొప్పి గురించి అంత మన మాటల్నే మాట్లాడిండ్రు. యంత్రం కనిపెట్టే తెలివి ఈ యాసల ఆలోచించుకుంటదని తెర మీద చూసుడు నాకు మొదటిసారి.

2023ల 'బలగం' వచ్చింది. తాత సచ్చిపోయిన ఇంట్ల పిట్ట ముట్టలేదు అనే ముచ్చట. అంత చిన్న కథకు ఊర్లకు ఊర్లే కదిలినయి. సర్పంచులు తెర కట్టించి ఊరంతటికి చూపెట్టిండ్రు. మా ఊర్ల సుత హనుమాండ్ల గుడి ముందట ఏసిండ్రు. ఆకరికి బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ పాట వచ్చేసరికి మగోళ్లు తువ్వాలలు నోట్లె కుక్కుకొని ఏడ్సిండ్రు. మా సిన్నాయిన, మా నాయిన నాలుగేండ్ల సంది మాట్లాడుకోకపోయేది. ఆ రాత్రి సినిమా అయినంక కలిసిపోయిండ్రు అంటే అబద్ధమైతది. గని తెల్లారి బాయికాడ ఒకరి మోటరు ఇంకొకరు బంద్ చేసిండ్రు. మాకు గంతే శాన. ఆడ కూసున్నోళ్లల్ల ఒక్కరు సుత ఆ యాసను చూసి నవ్వలేదు. అంటే తప్పు యాసల లేదు, దానికి మనం ఇచ్చే పనిల ఉన్నది.

ఇది తెలంగాణకే పరిమితం కాదు. సీమ మాట అంటే బాంబులు, తొడగొట్టుడు అన్నట్టు ఇరవై ఏండ్లు చూపెట్టిండ్రు. శ్రీకాకుళం మాట అంటే ఇంటి పనిమనిషి. 2021ల 'పుష్ప'ల చిత్తూరు యాస మాట్లాడిన అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడు అవార్డు వచ్చింది. మంచిదే. చిత్తూరు దిక్కు బల్లె ఆ యాసల జవాబు చెప్పిన పిల్లగానికి ఎన్ని మార్కులు ఏస్తున్నరో ఆడి తమ్ముళ్లు చెప్పాలె.

ఇగ బడి కాడికి వస్త. కాళోజీ బడి పలుకులకు, పలుకుబడికి తేడా విప్పి చెప్పిండు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం. ఆ ఒక్కనాడు బల్లల్ల దండలు ఏస్తరు, యాసల ఉపన్యాసాలు ఇస్తరు. 10వ తారీకు మళ్ల "మొగులేంటి" షురూ. అంతకుముందు గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం కొట్లాడిండు, గెలిచిండు. గని గెలిచిన వాడుక ఎవలి వాడుక? చదువుకున్న కోస్తా ఇండ్ల వాడుకే పుస్తకమైంది, పేపరైంది. మిగిలిన వాడుకలన్ని "యాసలు" అయినయి. గిడుగు తప్పేం లేదండ్ల. ఆయన తలుపు తీసిండు, మనం ఇంక అందరం లోపటికి పోలేదు, గంతే.

2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాక, వీలైనకాడికి, పిల్లలకు ఇంటి భాషల చెప్పాలన్నది. ఇంటి భాష అంటే తెలుగు అని రాసుకొని చేతులు దులుపుకున్నరు. ఏ ఇల్లు? ఇటు చూస్తే తెలంగాణ సర్కారు బల్లల్ల 2022-23 సంది ఒకటి నుంచి ఎనిమిది దాక ఇంగ్లిషు మీడియం పెట్టిండ్రు. పుస్తకంల ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగు. ఇంగ్లిషు రాని పిల్ల తెలుగు పేజీ చూసుకొని సమజ్ చేసుకోవాలె అని. ఆలోచన మంచిదే, నేను కాదంట లేను. గని ఆ తెలుగు పేజీల "భాష్పీభవనం" అని ఉంటది. పిల్లకు రెండు పేజీలు పరాయివే. ఇంట్ల "నీళ్లు ఇగిరిపోయినయి" అనే మాట రోజు ఇంటది. ఆ ఒక్క మాట అంచుకు రాసి ఉంటే రెండు పేజీలకు తొవ్వ దొరుకుతది.

కరోనా ఏడాది మళ్ల టీవీ, బడి కలిసినయి. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిల, టీ-సాట్ల పాఠాలు వచ్చినయి. మా నాయిన బల్లె కూసొని టీవీ చూసిన 45 ఏండ్లకు ఊరి పిల్లలు ఇంట్ల కూసొని టీవీల బడి చూసిండ్రు. నేను అప్పుడు మా వాడల పిల్లలను మా అరుగు మీద కూసోవెట్టి చూపెట్టిన, ఎందుకంటే రెండిండ్లల్ల టీవీ లేదు, ఒకింట్ల డిష్షు రీచార్జి లేదు. సార్లు కష్టపడి చెప్పిండ్రు. గని టీవీల సారుకు పిల్లగాడు అడిగేది ఇనవడదు గద. పాఠం కాంగనే పిల్లలు నా దిక్కు తిరిగి "అన్నా, ఏమన్నడు?" అనేటోళ్లు. నేను లెక్కల్ల ఏమంత తోపును కాదు. సార్ చెప్పిందే మళ్ల చెప్పేటోన్ని. "భిన్నం అంటే ఏం లేదురా, మొన్న ఒక రొట్టెను నలుగురు ఎట్ల తున్కలు చేస్కున్నరు, గదే." వాళ్లకు ఎక్కేటిది. ఆ రెండు మాటల నడుమ ఉన్న దూరమే నేను చెప్తున్న దూరం.

దీనికి ఎదురు మాట ఒకటి ఉన్నది, అది ఉత్త మాట కాదు. "నీ యాస పట్టుకొని కూసుంటే నౌకరీ ఎవడిస్తడు?" అంటరు. నిజమే. నేను డిగ్రీ అయినంక హైదరాబాద్ల ఒక కాల్ సెంటర్ ఇంటర్వ్యూకు పోయిన. తెలుగుల మాట్లాడే కొలువే. వాళ్లు "యాస తగ్గించుకొని మళ్లీ రండి" అన్నరు. ఫోన్ చేసేది తెలంగాణ జిల్లాల కస్టమర్లకే అని వాళ్లే చెప్పిండ్రు. నేను మళ్ల పోలే. గని నా లెక్క అందరు కోపం చేసుకోవాలని చెప్పలేను. ఇంటి కిరాయి కట్టాల్సిన తమ్ముడు యాస తగ్గించుకుంటడు, తగ్గించుకోవాలె సుత. పుస్తకం తెలుగు రావాలె, ఇంగ్లిషు రావాలె. నేను వద్దనేది ఒక్కటే. ఇంకోటి నేర్పేటందుకు ఉన్నదాన్ని తెంపుడు. చెయ్యి లేపని పిల్లగానికి ఇంగ్లిషు సుత రాదు. అడిగేది ఆగిపోతే నేర్చుకునేది ఆగిపోతది.

మన దిక్కు తప్పులు సుత చెప్పుకోవాలె. యూట్యూబ్ల యాస అంటే మాటకో "గిట్ల గట్ల", వాక్యానికో బూతు అన్నట్టు చేస్తున్నరు కొందరు. మా అమ్మ దినమంత మాట్లాడినా అన్ని "గ"లు రావు. ఇంకో సంగతి, టీవీ తెలంగాణ యాసను ఒక్కటి చేసింది. అది ఎక్కువ కరీంనగర్, వరంగల్ దిక్కు మాట. మా పాలమూరు మాట వేరే, గద్వాల, నారాయణపేట దిక్కు పోతే కన్నడ కలుస్తది. అటు ఆదిలాబాద్ గోండు పిల్లకు మా యాస సుత పరాయిదే. లంబాడి తండా పిల్లకు ఇంట్ల మాట వేరే, తెలుగే బడి భాష. మావోడు మొగులు అంటే నవ్విండ్రని నేను ఇంత రాస్తున్న. ఆ పిల్లలు అసలు నోరే తెరవకుంట ఎన్ని తరగతులు దాటిండ్రో ఎవలు రాయాలె?

యాస నేర్చుకుంటే వచ్చేదే, అది నెత్తురుల ఉండేది కాదు. 'ఫిదా'ల భానుమతి వేషం వేసిన సాయిపల్లవిది తమిళనాడు నీలగిరుల దిక్కు. తెలంగాణ మాట నేర్చుకొని తన గొంతుతోనే చెప్పింది. మంగ్లీది అనంతపురం జిల్లా తండా. వి6ల మన మాట మాట్లాడంగ అందరు ఇక్కడి బిడ్డనే అనుకున్నరు. ఒక సినిమా కోసం, ఒక ప్రోగ్రాం కోసం ఇంత కష్టపడి నేర్చుకున్నరు. పంతులమ్మ నేర్చుకోవాలని సుత నేను అడుగుత లేను. "మొగులా, మంచిగ చెప్పినవ్. దాన్నే పుస్తకంల మేఘం అంటరు, ఇంగ్లిషుల క్లౌడ్ అంటరు" అంటే చాలు. పిల్లగానికి ఒక్క మాట పోయేకాడ మూడు మాటలు మిగులుతయి. దీనికి జీవో అక్కర లేదు, బడ్జెట్ అక్కర లేదు. అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు తప్పా ఒప్పా అని ముందు చూడాలె. మాట సంగతి తర్వాత.

మొన్న ఐతారం మావోడు మా ఇంటికి వచ్చిండు. సెలవుల పని ఇచ్చిండ్రట, "మా తాతయ్య" అని ఒక పేజీ తెలుగుల రాయాలట. నేను ఫోన్ల రికార్డింగ్ పెట్టి వాన్ని వాళ్ల తాత ముందట కూసోవెట్టిన. మా నాయిన ఆ జాలి గొడుగు, గొంగళ్లు, తాసీల్దారు భాష అన్ని చెప్పిండు. ఒకనాడు సాయంత్రం వాన వచ్చి టీవీల అన్ని చుక్కలే కనవడితే, బొమ్మల సుత వాన పడ్తుందని పిల్లలు అనుకున్నరట. వాడు పడి పడి నవ్విండు. తర్వాత పెన్సిల్ పట్టుకొని రాసుడు షురూ చేసి, నాలుగో లైను కాడ ఆగిండు.

"మామా, ఆ దినం మొగులైంది అని రాయాల్నా, ఆకాశం మేఘావృతమైంది అని రాయాల్నా?"

"తాత ఏమన్నడు?"

"మొగులైంది అన్నడు."

"మరి తాత గురించే గద రాస్తున్నవ్."

కొద్దిసేపు నా మొఖం చూసి, మొగులైంది అనే రాసిండు. మళ్ల రబ్బరు చేతిల పట్టుకొని కూసున్నడు. తుడవలేదు. సోమవారం కాపీ సబ్మిట్ చేసిండు. ఇంక దిద్దియ్యలేదట.